ఆటలో లేని కూత

ప్రచార రాతల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. తెనాలిలో ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసినదాన్ని కాబట్టి నా దగ్గర ఏవో కిటుకులు ఉంటాయని వాళ్ళ నమ్మకం. మొన్న ఒకమ్మాయి అడిగింది: "వీడియో గేమ్ బయటికి రాకముందే అంత హడావుడి చేస్తారు కదా మేడమ్, అది న్యాయమేనంటారా?"

కాఫీ చల్లారిపోతుందని చెప్పి మాట మార్చేశాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు బాగా తెలుసు. నేను చేసిన చివరి ఉద్యోగం అదే. ఒక వీడియో గేమ్ గురించి, అది రాకముందే, ఊరంతా మాట్లాడుకునేలా చేయడం. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. నా తప్పు చెప్పుకోవడానికి ఇంకొకరి పేరు అవసరం లేదు.

అంతకు ముందు నేను రాసినవన్నీ చీరల దుకాణాలు, ఎరువుల కొట్లు, ట్యుటోరియల్ కాలేజీలు, పళ్ళ డాక్టర్లు. రాయడమే కాదు, గొంతు కూడా నాదే. ఆటోకి మైకు కట్టి తిప్పే ప్రకటనల్లో ఆషాఢం తగ్గింపులు, కొత్త బ్యాచీలు చెప్పిన గొంతు నాదే. మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే నా వెనక నుంచి నా గొంతే వెళ్ళేది. అమ్మేవాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

ఆ పనిలో అబద్ధాలు లేవని అనను. "ఇలాంటి చీర ఇంకెక్కడా దొరకదు" అని రాశాను. పక్క కొట్లో అదే చీర ఉండేది. కానీ చీర కొనే మనిషి దుకాణానికి వచ్చి, అంచు వేళ్ళతో నలిపి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసుకుంటుంది. నేను ఎంత పెంచి చెప్పినా ఆ వేళ్ళు సరిచేస్తాయి. ఇంకా విడుదల కాని ఆటను ఎవరూ అలా పట్టుకుని చూడలేరు. అప్పటికి లోకంలో ఉన్నదల్లా నా మాట ఒక్కటే. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసుకోవలసిన వయసే నాది.

ఆట తయారుచేసిన కంపెనీ తెనాలిలోనే, ఒక మెడికల్ షాపు పై అంతస్తులో రెండు గదుల్లో ఉండేది. దాని యజమాని అంతకు ముందు బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. ఉద్యోగం మానేసి ఇది పెట్టాడు. నన్ను "అక్కా" అనేవాడు. అసలు ఆటను కట్టింది మాత్రం అక్కడ ప్రోగ్రామర్‌గా పనిచేసే అమ్మాయి. తెనాలి అమ్మాయే. ముప్పై లోపు వయసు, తలమీద దుపట్టా, మాట తక్కువ. వాళ్ళ నాన్నకు కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఏదైనా విప్పి చూడందే నమ్మని గుణం ఆయన దగ్గర నుంచే వచ్చిందని నవ్వుతూ చెప్పేది.

ఆట ఫోన్లో ఆడుకునేది. మన తీరంలో ఒక జాలరి. తెల్లవారుజామున కాలువలోంచి పడవ తీసుకుని సముద్రంలోకి వెళ్ళాలి, గాలిని, ఆటుపోట్లను చూసుకుంటూ వేట చేసి తిరిగి రావాలి. అంతే. తుపాకులు లేవు, రేసులు లేవు. ఆ అమ్మాయి రెండేళ్ళు కూర్చుని నీళ్ళు చేసింది. నీళ్ళు చేయడమేంటని నేను మొదట నవ్వాను. పోటు వచ్చినప్పుడు కాలువ నిండే తీరు, ఆటు తీసినప్పుడు గట్టు పక్కన బురద మెరిసే తీరు, అవన్నీ చేసింది. నాకు ఫోన్ ఇచ్చి చూడమంటే, "బాగుందమ్మా, ఇంకా ఏమేం ఉన్నాయి?" అని అడిగాను. నా కళ్ళు అప్పటికే పోస్టరు మీద వేయదగ్గ దానికోసం వెతుకుతున్నాయి.

అది నాకు రేపల్లె దాటాక దొరికింది.

జాలర్ల మాటలు, పడవల చప్పుళ్ళు రికార్డు చేసుకోవడానికి నేనూ ఆ అమ్మాయీ తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడి నుంచి సముద్రం వైపు ఒక పల్లెకు వెళ్ళాం. మనుషులతో మాట కలపడం నా వృత్తి. గంటలో నాకొక వదిన దొరికింది. యాభై దాటిన మనిషి, నాకంటే కొంచెం చిన్నదే అయినా ఇద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకున్నాం. ఆమె భర్త కొన్నేళ్ళ క్రితం తుఫానులో వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఒంటరిగానే ఉంటూ, చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది.

మంచు పట్టిన రోజుల్లో పడవలు దారి ఎలా తెలుసుకుంటాయని ప్రోగ్రామర్ అమ్మాయి అడిగింది.

"మా ఆయన ఉండేవోడు కదమ్మా," అంది వదిన. "మంచు పడితే ఆయన పడవ ముందు పోవాల్సిందే. లేచి నిలబడి కూతేసేవోడు. ఎనకాల పడవలన్నీ ఆ కూత పట్టుకుని మొగలోకి వచ్చేసేయి." కాలువ సముద్రంలో కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు.

"ఎలా ఉండేది వదినా ఆ కూత?" అన్నాను.

ఆమె వెంటనే వేయలేదు. ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసింది. "ఆడదాన్ని నేను అట్టా కూతేస్తే నవ్వుతారు వదినా. ఆయన పోయాక నా నోట ఒక్కసారీ రాలేదు."

"ఎవరూ నవ్వరు. నేను చెప్తున్నాగా."

ఆమె లేచి, గట్టు మీదకు వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడి వేసింది. దాన్ని అక్షరాల్లో పెట్టలేను. కింద నుంచి మొదలై పైకి పోయి, పైన ఒక క్షణం నిలిచి, విరిగినట్టు దిగేది. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు చేతులు ఆపేసి అటు తిరిగారు. ఒకాయన తలపాగా తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కూత ఆమె గొంతులో అలాగే ఉందన్నమాట.

తిరుగు రైల్లో ప్రోగ్రామర్ అమ్మాయి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. నేను మాత్రం పుస్తకం తీసి రాసుకుంటున్నాను. ఒక్క వాక్యం: "మంచులో మీరు తప్పిపోతే, ఆ కూత మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది." ముప్పై ఏళ్ళలో అంత మంచి వాక్యం రాయలేదనిపించింది. ఇప్పటికీ అది మంచి వాక్యమే. అదే నా బాధ.

వదిన గొంతులో రికార్డు చేసుకున్న ఆ కూతతోనే ట్రైలర్ చేయించాం. ఇక్కడొక విషయం చెప్పాలి. ట్రైలర్ ఆటలోంచి తీసింది కాదు. వేరే ఊళ్ళో బొమ్మలు చేసేవాళ్ళకు ఇచ్చి సినిమాలా గీయించాం. దాంట్లోని తీరం వాడరేవు బీచ్‌లో తీసిన ఫొటోలు చూసి గీసినది, ఎందుకంటే అక్కడ ఇసుక అందంగా ఉంటుంది. మంచు, మంచులో ఒక పడవ, దానిమీద నిలబడ్డ మనిషి నీడ, కూత. చివర నా వాక్యం.

అది మేం అనుకున్నదానికంటే చాలా దూరం పోయింది. టీ కొట్ల దగ్గర జనం ఫోన్లు దగ్గర పెట్టుకుని వింటుంటే చూశాను. మన సముద్రం, మన యాస, మనవాళ్ళు చేసిన ఆట. ఆ గర్వం నిజమైనదే. దాన్ని ఇంకా రాజేయడానికి ఆ కూతను రింగ్‌టోన్‌గా అందరికీ పంచుదామని నేనే చెప్పాను. యజమాని ఎగిరి గంతేశాడు. రెండు వారాల్లో బస్సుల్లో, బ్యాంకుల్లో, పెళ్ళిళ్ళలో ఆ కూత మోగడం మొదలైంది.

అందరూ ఊగిపోతున్నప్పుడు ఒకాయన మాత్రం ఊగలేదు. బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారాలు కూర్చుని ఆటల గురించి తెలుగులో వీడియోలు చేసేవాడు. ఆయన మర్యాదగా ఒక్కటే అడిగాడు: "ట్రైలర్ బాగుందండి. ఆట ఆడుతున్న వీడియో ఒక్క నిమిషం చూపించండి. మంచులో కూత వెనక పడవ పోవడం చూపించండి చాలు."

దానికి జవాబు కంపెనీ తరఫున నేనే రాశాను. "కొందరికి మనవాళ్ళు ఏం చేసినా అనుమానమే" అని. ఆయన అడిగినదానికి అది జవాబు కాదు. కానీ అది చాలింది. మిగతా పని జనం చేశారు. ఆయన్ని నానా మాటలూ అన్నారు. నేను ఆ తిట్లు చదువుతూ, మన వాక్యానికి ఎంత బలం ఉందో అని లోలోపల మురిసిపోయాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

విడుదలకు మూడు వారాల ముందు ప్రోగ్రామర్ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, మంచూ కూతా తీసేస్తున్నాం."

"తీసేయడమేంటి?"

"కూత ఏ వైపు నుంచి వస్తుందో చెవికి తెలియాలి కదండి. దగ్గరికి పోతే పెరగాలి, దూరం పోతే తగ్గాలి. పెద్ద ఫోన్లలో వస్తోంది. మామూలు ఫోన్లలో ఆట ఆగిపోతోంది. పడవలు గట్టులోంచి దూసుకుపోతున్నాయి. నాకు ఇంకో ఆరు నెలలు కావాలి. సార్ విడుదల ఆపనంటున్నారు."

"మరి ఆ వాక్యం?"

"అదే చెప్దామని వచ్చానండి. అది తీసేయండి మేడమ్. ఉన్నది చెప్పండి. ఉన్నది కూడా బాగానే ఉంది."

యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "అది తీసేస్తే జనానికి ఇంకేం చూపిస్తాం అక్కా? అయినా రాతలన్నీ మీవే కదా. మీ ఇష్టం" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టి నేను తప్పించుకోవచ్చు. కానీ నిజంగానే నా ఇష్టానికే వదిలేశాడు. ఒక రోజు మొత్తం ఆలోచించాను. వాక్యం తీయలేదు. విడుదలయ్యాక ఎలాగూ కలుపుతారు, ఈలోపు ఎవరు గమనిస్తారులే అనుకున్నాను.

అక్కడితో ఆగినా సగం మనిషిగా మిగిలేదాన్ని. ఆగలేదు. విడుదల సభ బాపట్లలో ఒక కాలేజీ హాల్లో పెట్టాం. ఆ సభలో మొదటగా ఆట ఆడేది ఎవరైతే బాగుంటుందని యజమాని అడిగాడు. నేను ఆలోచించకుండానే చెప్పాను, వదిన అని. భర్త కూత వెనక పడవ నడుపుతున్న భార్య. కెమెరాలకు అంతకంటే ఏం కావాలి? ఆటలో ఆ కూత లేదని తెలుసు. సభలో ట్రైలర్ వేసి, ఆమె చేతికి రెండు నిమిషాలు ఫోన్ ఇచ్చి, ఫొటోలు తీసి, శాలువా కప్పి పంపేస్తే ఎవరికీ తెలియదని లెక్క వేశాను.

మళ్ళీ రైలెక్కి నేనే వెళ్ళి పిలిచాను. "వచ్చి ఆడు వదినా. మీ ఆయన కూత వినిపిస్తుంది" అన్నాను. ఆ మాట నా నోటితో, ఆమె కళ్ళలోకి చూస్తూ అన్నాను.

"నిజంగా ఇనపడుద్దా?" అంది.

"వినపడుతుంది."

సభ ఉదయం పదిన్నరకు. ఆమె ఆడపడుచును వెంటబెట్టుకుని రేపల్లె నుంచి బస్సులో వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది. నాకోసం డబ్బాలో ఎండు రొయ్యలు తెచ్చింది. హాలు నిండిపోయింది. బాపట్ల కాలేజీల వాళ్ళు, తెనాలి నుంచి వచ్చినవాళ్ళు, టీవీ వాళ్ళు. ఆ బ్యాంకు ఉద్యోగి కూడా వెనక వరసలో కూర్చుని కనిపించాడు. మైకు నా చేతిలోనే ఉంది. సభ నడిపేది నేనే.

మొదట ట్రైలర్ వేశాం. చప్పట్లు. వదిన మాత్రం కొంచెం ముఖం చిట్లించి, నా చెవి దగ్గరికి వంగి, "ఈ ఇసక మాది కాదే వదినా. మాది బురదగా" అంది. నేను నవ్వి ఆమె భుజం తట్టాను.

తర్వాత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ ఇచ్చాం. ఫోన్లో కనిపించేది వెనక పెద్ద తెర మీద కూడా కనిపిస్తుంది. ప్రోగ్రామర్ అమ్మాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. నేను కాగితాలు చూసుకుంటున్నట్టు తల దించాను.

వదిన పడవను కాలువలో పెట్టింది. మొదట గట్టుకు గుద్దింది. హాల్లో నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత చిత్రంగా చేయి కుదిరింది. పడవ మెల్లగా మొగ వైపు సాగింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగింది.

"ఆటు తీస్తందే! చూడు చూడు, బురద బయటపడతంది! ఇది మా కాలవే! నువ్వేనా చేసింది తల్లీ ఇదంతా?"

ఆ అమ్మాయి తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళ పనికి ఆ అమ్మాయికి అప్పటిదాకా దక్కిన మెప్పు అదొక్కటే. అక్కడ ఆపేసి ఉంటే, ఆ కార్యక్రమం మొత్తం ఆ ఆటు మీదే నిలబడి ఉంటే ఎంత బాగుండేదో. అంత అందమైన విషయం నా ముందే ఉంది. నేను దాన్ని ఏనాడూ ఎవరికీ చెప్పలేదు.

పడవ సముద్రంలోకి వచ్చింది. వదిన వేళ్ళు తీసేసింది. పడవ అలల మీద ఊగుతూ ఆగిపోయింది. ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది.

"నడపండమ్మా" అన్నారు ఎవరో.

"మంచు పడాలిగా," అంది. "మంచు పడితే ఆయన పిలుస్తాడు."

తెర మీద ఎండ కాస్తోంది. ఆమె ఎదురుచూస్తోంది. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. ప్రోగ్రామర్ అమ్మాయి ఆమె చేతి మీద చేయి వేసి ఏదో చెప్పబోయింది.

అప్పుడు వచ్చింది కూత. తెర మీద నుంచి కాదు. హాలు మధ్య వరసల్లోంచి. ఎవరికో ఫోన్ వచ్చింది.

వదిన చివాలున లేచి నిలబడింది. ఫోన్ ఒళ్ళోంచి కింద పడింది. ఆమె ఆ వరసల వైపు తిరిగి, మనుషుల మీదుగా, అటూ ఇటూ వెతుకుతూ చూసింది. ఒక్క క్షణమే. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది, హాలంతా నవ్వింది. చెడ్డ మనుషులు కాదు, తమాషాగా అనిపించి నవ్వారు. ఆమెకు అర్థమైంది. మెల్లగా కూర్చుంది. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

నేను వెంటనే ట్రైలర్ మళ్ళీ వేయమని సైగ చేశాను. మంచు, పడవ, కూత. వదిన తెర వైపు చూడలేదు.

"అది సినిమా వదినా," అంది నాతో, నెమ్మదిగా. "ఇందులో లేదుగా."

వెనక వరస నుంచి బ్యాంకు ఉద్యోగి లేచాడు. గొంతు పెంచకుండా అడిగాడు: "మేడమ్, ఆటలో మంచు, కూత ఉన్నాయాండి, లేవాండి?"

అందరూ నా వైపు తిరిగారు. లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది నా నిర్ణయం, నేనే దాచాను అని రెండో మాట అంటే ఇంకా బాగుండేది. మైకు నా చేతిలో ఉంది. ముప్పై ఏళ్ళుగా నా గొంతు నేను చెప్పినట్టు వినేది. ఆ రోజు కూడా చక్కగా, తొణక్కుండా పలికింది.

"మా ప్రోగ్రామింగ్ టీం వైపు నుంచి చిన్న సాంకేతిక లోపం జరిగిందండి. త్వరలోనే సరిచేస్తారు."

నేల మీద నుంచి ఫోన్ తీసి తుడుస్తున్న అమ్మాయి తలెత్తి నన్ను చూసింది.

తర్వాత జరిగినవి మీరు ఊహించగలరు. ఆట కొనుక్కున్నవాళ్ళు మంచు కోసం వెతికారు. లేదని తెలిసి మోసం అన్నారు. నేను వేదిక మీద వేలెత్తి చూపించాను కాబట్టి తిట్లన్నీ ఆ అమ్మాయి వైపు వెళ్ళాయి. చేతకానిదన్నారు. ఆమె మతం తీసుకొచ్చి కూడా మాట్లాడారు. నేను నోరు విప్పలేదు. ఆ అమ్మాయి వారం తిరగకుండా రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. ఆమె లేకుండా ఆ ఆటను బాగుచేయగలవాళ్ళు ఎవరూ లేరు. కొన్ని నెలల్లో కంపెనీ మూతపడింది. యజమాని మళ్ళీ పాఠాలు చెప్పుకుంటున్నాడు. నన్ను మాత్రం ఇద్దరు ముగ్గురు పిలిచి, ఆ ట్రైలర్ అద్భుతం, మాక్కూడా అలాంటిది చేసిపెట్టండి అన్నారు. ఆ మాటలు విన్నాకే పని మానేశాను. దాన్ని అందరూ రిటైర్మెంట్ అన్నారు, నేనూ సరే అన్నాను.

ఆ హడావుడిలో సవ్యంగా మాట్లాడింది బ్యాంకు ఉద్యోగి ఒక్కడే. ఆయన ఆటను మొత్తం ఆడి వీడియో చేశాడు. నన్ను ఎత్తిపొడుస్తాడనుకున్నాను. నా ఊసే ఎత్తలేదు. "ఇది చెడ్డ ఆట కాదండి. ఆ నీళ్ళు చూడండి, ఇంత ఓపికగా నీళ్ళు చేసినవాళ్ళను నేను చూడలేదు. కానీ మనకు చెప్పిన ఆట ఇది కాదు. చెప్పని ఆటను చూసే ఓపిక మనలో ఎవరికీ మిగల్లేదు" అన్నాడు. నాలుగైదుసార్లు విన్నాను. హడావుడి న్యాయమా కాదా అని అడిగిన అమ్మాయికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఉన్నదాన్ని చూసి పొంగిపోయి నలుగురికీ చెబితే అది ప్రచారమే, అందులో తప్పు లేదు. లేనిదాన్ని చెబితే, ఉన్నది కూడా కనపడకుండా పోతుంది. అబద్ధం వల్ల నష్టపోయేది కొన్నవాళ్ళే అనుకునేదాన్ని. ముందు నష్టపోయేది చేసినవాళ్ళు.

ఆరు నెలలు గడిచాక ధైర్యం చేసి ప్రోగ్రామర్ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆవిడకు నా మీద కోపం ఉన్నట్టు లేదు, అసలు విషయం కూతురు చెప్పలేదేమో. అమ్మాయి వేరే ఊరి కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తోంది. బ్యాంకుల కోసం ఏదో సాఫ్ట్‌వేర్. ఆటలు మానేశావా అంటే, "నీళ్ళు మానేశానండి" అంది.

నేను క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాను. ఆపేసింది.

"మీరు లేనిది రాశారని కాదు మేడమ్. అది మీ పని అనుకున్నాను. హాల్లో నా ముందే చెప్పారు చూడండి, ఆ మాట. అది మాత్రం నాకు పోవట్లేదండి."

ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగిని కలిసి, జరిగింది జరిగినట్టు ఆయన వీడియోలో చెప్పాను. లోపం ఆ అమ్మాయిది కాదు, మూడు వారాల ముందే చెప్పింది, దాచింది నేను, ఆయన్ని తిట్టించింది కూడా నేనే అని. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ట్రైలర్ చూసినవాళ్ళలో ఏ కొద్దిమందో దాన్ని చూశారు. అబద్ధానికి ఉన్న గొంతు ఒప్పుకోలుకు ఉండదని నాకప్పుడే తెలిసింది.

ఇక మిగిలింది రేపల్లె దారి. ఆ రైలు ఎక్కడానికి ఇంకా కొన్ని నెలలు వాయిదాలు వేశాను. వెళ్ళేసరికి వదిన పరిచిన వల మీద చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి సంతోషించింది. అది నేను ఊహించలేదు.

"రా వదినా, ఎన్నాళ్ళకి! చిక్కిపోయావేంటి? కూర్చో."

పీట వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. నా ఆరోగ్యం అడిగింది. ఆ నీళ్ళ అమ్మాయి ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. కాసేపటికి తనే అంది:

"ఒక పని చేసిపెడతావా వదినా? ఆ కూత జనం ఫోన్లలోంచి తీయించగలవా? బస్సులో మోగితే గుండె జారిపోతంది. మా పిల్లకాయలు కూడా ఏస్తన్నారు, తమాషాకి. నాకిప్పుడు ఆయన కూత ఎట్టా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే ఆ ఫోన్ల మోతే వస్తంది."

నా వల్ల కాదని చెప్పాను. ఒకసారి పంచాక ఎవరూ తీయించలేరని చెప్పాను. ఆమె తల ఊపి చేపలు తిరగేయసాగింది. నేను వచ్చిన పని అప్పుడు మొదలుపెట్టాను.

"వదినా, ఆ రోజు బాపట్లలో... ఆటలో కూత లేదని నాకు ముందే తెలుసు."

ఆమె చేతులు ఆగాయి.

"ముందే అంటే?"

"నిన్ను పిలవడానికి వచ్చినప్పటికే తెలుసు. వినపడుతుందని చెప్పినప్పుడు కూడా తెలుసు."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పినచోట మళ్ళీ మొదటి నుంచి కూడుకుంటున్నట్టు చూసింది.

"నేనింకా మిషను పాడైందనుకున్నా," అంది. "పాపం ఆళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఆ ఏళకి పాడైంది అని ఇక్కడ అందరికీ అదే చెప్పా. నా ఆడబిడ్డ ఏదో అంటే దాన్ని కూడా కోప్పడ్డా."

నేను చేతులు జోడించాను. ఆమె వాటిని చూడలేదు. చివరి వరస దాకా చేపలు తిరగేసి, లేచి, చేతులు కడుక్కుని, నేను తాగిన గ్లాసు తీసుకుంది.

"రేపల్లె బస్సు వచ్చే టైమైంది," అంది. "బయల్దేరండి మేడమ్ గారూ."

అంతకు ముందు ఆమె నన్ను ఎన్నడూ మీరు అనలేదు.